ఆగిన బండికే తుప్పు

గద్వాల కారు, వనపర్తి మేస్త్రీ, నాగర్‌కర్నూలు పెళ్లి: ఒక పొగగొట్టం మార్చిన కథ

పొద్దున్న ఏడింటికే ఎండ చురుక్కుమంటోంది. వనపర్తి నుంచి పెబ్బేరు వెళ్లే దారి పక్కన ఒక రేకుల షెడ్డు. లోపల గుంత మీద 1968 నాటి అంబాసిడర్ నిలబడి ఉంది. మీగడ రంగు, గుండ్రటి నుదురు, మూడక్షరాలతో మొదలయ్యే పాత నంబరు. గుంతలోకి దిగిన మేస్త్రీ సుత్తి కర్రతో సైలెన్సరును మెల్లగా తట్టారు. గట్టి ఇనుమైతే టంగుమనాలి. ఇది తడిసిన డప్పులా దబ్బుమంది. రెండోసారి తట్టేసరికి ఎర్రటి పొడి జలజలా రాలి ఆయన గడ్డం నిండా పడింది.

“బయటికెల్లి కాదు సారూ, లోపటికెల్లి తిన్నది” అన్నారు మేస్త్రీ, తుండుతో మొహం తుడుచుకుంటూ.

గుంత అంచున గొంతుకూచుని తొంగి చూస్తున్న సారుది గద్వాల. బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. డెబ్బై దాటాయి. కారు వాళ్ల నాన్నది. పల్లీల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో కొన్నది. సారు పెళ్లయ్యాక భార్యను ఇంటికి తెచ్చుకున్నది ఇందులోనే. ఇప్పుడు నాగర్‌కర్నూలులో మనవరాలి పెళ్లి. “తాతా, అవ్వ వచ్చిన కార్లనే నేను గూడ పోత” అని ఆ పిల్ల పట్టుబట్టింది. ఏడేళ్లుగా గుడ్డ కప్పి ఉంచిన బండిని ఆ ఒక్క మాట కోసం బయటికి తీశారు. స్టార్టు చేస్తే వీధి వీధంతా బయటికొచ్చి చూసిందట. ట్రాక్టరేమో అనుకున్నారట. చప్పుడు ఆపాల్సిన గొట్టానికి చిల్లులు పడ్డాయి మరి.

ఇంజిను బాగుంది. చాసిస్ బాగుంది. పోయింది పొగగొట్టం ఒక్కటే. ఆ ఒక్కదాన్ని సరిగ్గా మార్చడానికి మేస్త్రీకి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులు చూశాక, పాత వస్తువును కాపాడటమంటే దాచిపెట్టడం కాదని ఈ రచయితకు గట్టిగా తెలిసొచ్చింది.

తుక్కా? ఆస్తా?

పాత బండ్ల గురించి ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మాటలు నడుస్తున్నాయి. 2021లో కేంద్రం స్వచ్ఛంద తుక్కు విధానం తెచ్చింది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి ఒకప్పుడు 600 రూపాయలు కట్టేవాళ్లం. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటితే 10,000 అని 2025లో మళ్లీ పెంచారు. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకుంటాయా అన్న బెంగ వేరే. “ఎందుకీ తిప్పలు, కిలోల లెక్కన అమ్మేయ్” అనే సలహా తేలిగ్గా వస్తోంది.

అదే 2021లో కేంద్రం ఇంకో పని కూడా చేసింది. యాభై ఏళ్లు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా గుర్తించి, వాటికి విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు పెట్టింది. మన దగ్గర క్లబ్బుల వాడుకలో 1940కి ముందువే వింటేజ్, ఆ తర్వాతివి క్లాసిక్. చట్టం మాత్రం ఏళ్లనే లెక్కపెట్టింది. ఆ లెక్కన సారు అంబాసిడర్ కూడా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు అర్హమే.

అంబాసిడర్‌కు బీజం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్. బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ 1957లో తయారీ మొదలుపెట్టి, 2014లో ఆపేసింది. యాభై ఏడేళ్లు. మన జిల్లాల్లో కలెక్టరు దిగినా, పెళ్లికొడుకు దిగినా, ఆస్పత్రికి గర్భిణిని తీసుకెళ్లినా చాలాకాలం ఇదే బండి.

[బాక్స్] వింటేజ్ రిజిస్ట్రేషన్: తెలుసుకోవాల్సినవి

• మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, సొంత వాడకానికి ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లకు ఇది వర్తిస్తుంది.
• చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. పొగగొట్టం మార్చడం ఈ జాబితాలో లేదు.
• కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పొడిగింపుకు 5,000.
• ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్తగా చేయిస్తే రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి.
• ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతు. వింటేజ్‌గా రిజిస్ట్రేషన్ చేయించుకున్న బండి వీటికే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి కుదరదు.

నీళ్లే శత్రువు

ఏడేళ్లు కదలని బండి గొట్టం లోపలి నుంచి ఎలా తుప్పు పట్టింది? జవాబు పెట్రోలులోనే ఉంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం నడిచి గొట్టం బాగా వేడెక్కితే ఆ ఆవిరి బయటికి పోతుంది. పది నిమిషాలు నడిపి ఆపేస్తే లోపలే చెమ్మగా మారి సైలెన్సరు అడుగున చేరుతుంది. అందులో పొగలోని ఆమ్లం కలుస్తుంది. ఇనుమును తినడానికి అంతకన్నా ఏం కావాలి?

సారు కూడా చాలామందిలాగే శ్రద్ధగా ఒక తప్పు చేశారు. బండి పాడవకూడదని నెలకోసారి గుడ్డ తీసి, స్టార్టు చేసి, అయిదు నిమిషాలు ఇంజిను తిప్పి, మళ్లీ గుడ్డ కప్పారు. అంటే నెలకోసారి సైలెన్సరులో నీళ్లు పోసి మూత పెట్టినట్టే. మేస్త్రీ ఈ మాట చెప్పినప్పుడు సారు చాలాసేపు మాట్లాడలేదు.

కారు పడకపోవడం కాదు

పాత సైలెన్సరు కిందికి దించాక మేస్త్రీ టార్చి పైకి వేశారు. వెనక సీటు కింది రేకులో రూపాయి బిళ్లంత రంధ్రం. సరిగ్గా దాని కిందే పైపు పగిలి ఉంది.

“అమ్మగారు ఎనక సీట్లనే కూసుంటుండెనా సారూ?”

సారు తలూపారు. బండి ఆపేయక ముందు ఆఖరి రెండేళ్లు ఆయన భార్య కారెక్కితే చాలు తలనొప్పి అనేవారు. కడుపులో తిప్పేదట. “ఆమెకు కారు పడదు” అని ఇంట్లో అందరూ తేల్చేశారు. ఆమె కూడా అదే నమ్మి బస్సులో వెళ్లేవారు. నాలుగేళ్ల కింద వేరే జబ్బుతో పోయారు. కారు పడకపోవడం కాదు, పగిలిన గొట్టం నుంచి పొగ లోపలికి వచ్చిందేమో అన్న ఆలోచన ఇన్నాళ్లలో ఎవరికీ రాలేదు.

ఇంజిను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు. ఎక్కువైతే ప్రాణమే పోతుంది. అద్దాలు మూసుకుని ప్రయాణించే చలికాలంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. పొగగొట్టం చప్పుడు తగ్గించే వస్తువు మాత్రమే కాదు. బండిలో కూర్చున్న వాళ్ల ఊపిరిని కాపాడే వస్తువు.

[బాక్స్] గొట్టం పోయిందని ఎలా తెలుస్తుంది?

• ఇంజిను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తే టిక్కుటిక్కుమనే చప్పుడు, వేడెక్కాక తగ్గడం: మానిఫోల్డు దగ్గర గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి.
• జతల దగ్గర నల్లటి మసి చార: అక్కడి నుంచి పొగ వస్తోంది.
• వెనక చివర మందపాటి గుడ్డతో క్షణకాలం మూస్తే ఎక్కడో ‘బుస్’మనడం: ఆ చోటే చిల్లు.
• పొద్దున్నే గొట్టం చివర నీటిచుక్కలు: భయపడనక్కర్లేదు. వేడెక్కాక ఆగిపోవాలి.
• సైలెన్సరు అడుగున సన్నటి రంధ్రం: చాలా వాటికి నీళ్లు కారిపోవడానికి తయారీలోనే పెడతారు. చిల్లనుకుని మూయించకండి.

ఇనుముతో కొట్లాడొద్దు

మొదటి రోజంతా మేస్త్రీ దాదాపు ఏమీ చేయలేదు. చూసేవాళ్లకు అలాగే అనిపిస్తుంది. మానిఫోల్డుకు పైపు కలిసే చోట నట్లు తుప్పుతో బిగుసుకుపోయాయి. కుర్ర శిష్యుడు పొడుగు పానా పట్టుకుని ముందుకొచ్చాడు. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టారు. “జోరు చేస్తే ఇరుగుతది. ఇనుముతోని కొట్లాడొద్దు, బతిమాలాలె.”

మానిఫోల్డు పోత ఇనుము. గట్టిదే కానీ పెళుసు. బలం ప్రయోగిస్తే స్టడ్డు లోపలే విరుగుతుంది. అప్పుడు దాన్ని డ్రిల్లుతో తొలచాలి, మర మళ్లీ తీయాలి. డ్రిల్లు కొంచెం పక్కకు జారినా మానిఫోల్డే పోతుంది. అలాంటి మానిఫోల్డు మళ్లీ దొరకాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ నుంచి చెన్నై పుదుపేట, ఢిల్లీ కశ్మీరీ గేటు, కలకత్తా మల్లిక్ బజార్ దాకా వెతుక్కోవాలి.

అందుకే వైరు బ్రష్‌తో తుప్పు గీకి, నట్ల మీద నూనె చుక్కలు వేసి వదిలేశారు. సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి మళ్లీ వేశారు. తెల్లారి నట్టును మాత్రమే గ్యాస్ మంటతో వేడిచేసి, చల్లారనిచ్చి, పానా పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకంత తిప్పారు. తర్వాతే విప్పే వైపు. కిర్రుమని కదిలింది. సగం చుట్టు విప్పి, పావు చుట్టు వెనక్కి, మళ్లీ విప్పుతూ. ఒక్క స్టడ్డూ విరగలేదు. పాత నట్ల స్థానంలో ఇత్తడి నట్లు పెట్టారు. ఇత్తడి తుప్పు పట్టి స్టడ్డుకు కరుచుకోదు. యాభై ఏళ్ల తర్వాత విప్పబోయే మేస్త్రీ ఎవరో, వాళ్ల పని ఇప్పుడే తేలికైంది.

పాత గ్యాస్కెట్ పెచ్చులను గీకేటప్పుడు మాత్రం ఆయన నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. ఆ కాలపు గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే జీవితాంతం వదలదు. గాలి కొట్టి ఊదడం అస్సలు చేయకూడదు.

పల్లీలు వేయించినట్టు ఇసుక వేయించి

రెండో రోజు పైపు వంచే పని. ఇలాంటి బండికి సరిపోయే రెడీమేడ్ పైపు దొరకొచ్చు. కానీ బజారులో దొరికేది ఏ మోడలుకు కొట్టిందో తెలియదు. వంపు రెండు వేళ్లు తేడా వచ్చినా వెనక ఇరుసుకు తగులుతుంది. మేస్త్రీ కొత్త ఉక్కు పైపు తీసుకున్నారు.

శిష్యుడు పాత పైపును నేల మీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీయబోయాడు. మేస్త్రీ వద్దన్నారు. పాత పైపు ఏళ్ల బరువుకు కిందికి వంగింది, ఎప్పుడో రాయి తగిలి సొట్టపోయింది. దాన్ని చూసి చేస్తే దాని తప్పులన్నీ కొత్తదానికి వస్తాయి. సన్నటి ఇనుప కడ్డీ తీసుకుని గుంతలోకి దిగి, బండి కింద ఖాళీ ఎటు ఉందో అటు వంచుకుంటూ ముందు నుంచి వెనక దాకా నమూనా తీశారు. పెట్రోలు పైపుకు దూరం, బ్రేకు పైపుకు దూరం, ఇరుసు పైకి లేచినప్పుడు మిగిలే జాగా, అన్నీ ఆ కడ్డీలో వచ్చాయి.

తర్వాత పొయ్యి మీద పెద్ద మూకుడు పెట్టి ఇసుక వేయించడం మొదలుపెట్టారు. పల్లీలు వేయించే ఇసుకలాగే గలగలలాడే దాకా. పల్లీల వ్యాపారి కొడుకు సారు అది చూసి మొదటిసారి నవ్వారు. ఖాళీ పైపును వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల ఇసుక గట్టిగా కూరి, రెండు చివరలా కర్ర బిరడాలు కొడితే గుండ్రం చెడదు. ఇసుకలో చెమ్మ ఉంటే మాత్రం వేడికి ఆవిరై బిరడాను తూటాలా కొడుతుంది. అందుకే ఆ వేపుడు.

పైపు దోరగా కాలి, ముదురు ఎరుపు నుంచి దానిమ్మ గింజ రంగుకు వచ్చాక మేస్త్రీ రెండు గూటాల మధ్య పెట్టి లాగారు. ఒక్క ఊపున కాదు. కొంచెం వంచి, కడ్డీతో సరిచూసి, మళ్లీ కాల్చి. నాలుగు వంపులకు మధ్యాహ్నం అయింది. చల్లారాక ఇసుక ఒంపి, లోపల ఒక్క రేణువు మిగలకుండా కర్రతో తట్టి గాలి పెట్టారు. వంపు లోపల వేలు పెట్టి చూస్తే ఎక్కడా ముడత లేదు.

బిగించడం చివరి మాట

మూడో రోజు అమర్చడం. ఇక్కడే చాలామంది తొందరపడతారు. మేస్త్రీ కొత్త గ్యాస్కెట్ పెట్టి, ముందు నుంచి వెనక దాకా పైపు, సైలెన్సరు, తోక గొట్టం అన్నింటినీ వదులుగా తగిలించారు. ఒక్క నట్టూ పూర్తిగా బిగించలేదు. బండి వెనక భాగాన్ని జాకీతో లేపి దించి, డిక్కీలో బస్తాలు వేసి ఊపి చూశారు. నేలకు, ఇరుసుకు, బాడీకి ఎక్కడా తగలడం లేదని తేలాకే ముందు నుంచి వరుసగా బిగించుకుంటూ వచ్చారు.

వేలాడదీసే చోట కొత్త రబ్బర్లు వేశారు. రబ్బరు దొరకలేదని పైపును నేరుగా చాసిస్‌కు వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. ఇంజిను ఊగుతుంది, చాసిస్ ఊగదు. ఆ లాగులాట అంతా మానిఫోల్డు మీద పడి నెర్ర ఇస్తుంది. రబ్బరు చిన్నదే, కాపాడేది పెద్దదాన్ని.

స్టార్టు చేశారు. కొత్త పైపు మీది నూనె, రంగు కాలి కాసేపు పొగ వచ్చింది. తర్వాత ఆగింది. షెడ్డులో మాటలు వినపడుతున్నాయి. అంబాసిడర్ తన పాత గొంతుతో గుడుగుడుమంటోంది. సారు చేతి వెనకతో కళ్లు తుడుచుకున్నారు. బండి వేడెక్కి చల్లారాక మేస్త్రీ మళ్లీ గుంతలోకి దిగి ప్రతి నట్టునూ ఇంకోసారి బిగించారు. వెనక సీటు కింది రంధ్రానికి రేకు వేసి మూసింది కూడా అప్పుడే.

[బాక్స్] ఈ జాగ్రత్తలు తప్పవు

• పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగ్ వద్దు. పైపు దించి, దూరంగా చేయించండి. బ్యాటరీ తీగ విప్పండి.
• జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. గట్టి స్టాండ్లు ఉండాలి.
• పెట్రోలు పైపుకు పొగగొట్టం కనీసం 35 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలని మోటారు వాహనాల నిబంధన.
• ప్రతి బండికీ సైలెన్సరు తప్పనిసరి. చప్పుడు కోసం తీసేయడం నేరం. పదివేల దాకా జరిమానా పడొచ్చు.
• మామూలు రెడాక్సైడ్ వేడికి కాలిపోతుంది. వేడిని తట్టుకునే రంగే వేయించండి.

కందెన ఊరు, సంస్థానాల నేల

ఈ నేలకు బండి కొత్త కాదు. నాగర్‌కర్నూలుకు ఆ పేరు రావడం వెనక ఒక కథ చెబుతారు. బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు ఇరుసులకు పూసే కందెన ఇక్కడ కొనుక్కునేవారట. అలా కందనూలు అయిందంటారు. నాగనూలు, కందనూలు అనే జంట ఊళ్ల పేర్లు కలిశాయన్నది ఇంకో మాట. ఏది నిజమైనా, ఇరుసుకు కందెన పూయకుండా ప్రయాణం లేదని తెలిసిన జనం మనవాళ్లు.

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ కేంద్రంగా జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా అమరచింత, గోపాల్‌పేట. నిజాం రాజ్యంలోని సంస్థానాలివి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాం రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. 1912 నాటిది. ఆర్డరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అది చేరకముందే 1911లో కన్నుమూశారు. ఊరేగింపుల కోసం సింహాసనం లాంటి సీటుతో చేయించిన బండి. అది నడిచింది కొన్ని వందల మైళ్లేనని చెబుతారు. ఎన్నో ఏళ్లు మూలన పడి ఉండి, మళ్లీ నేర్పరి చేతుల్లో పడ్డాకే ఇవాళ మనం చూసే రూపానికి వచ్చింది.

సంస్థానాలు పోయినా వాటి గోడలు పనికొచ్చాయి. గద్వాల కోటలో డిగ్రీ కళాశాల నడిచింది. వనపర్తి రాజప్రాసాదంలో 1959లో కృష్ణదేవరాయ పాలిటెక్నిక్ వచ్చింది. రాజు కొలువుదీరిన మందిరంలో పేదింటి పిల్లలు యంత్రాల పని నేర్చుకున్నారు. పాత కట్టడాన్ని తాళం వేసి కాపాడలేదు, వాడుకుని కాపాడారు. పాత బండికి వర్తించే న్యాయం కూడా ఇదే.

చేతులు పోతే తిరిగి రావు

మేస్త్రీకి అరవై అయిదేళ్లు. ఇసుకతో పైపు వంచడం పదమూడేళ్ల వయసులో ఒక లారీ షెడ్డులో నేర్చుకున్నారు. ఆయన కొడుకు హైదరాబాదులో కొత్త కార్ల షోరూములో పనిచేస్తున్నాడు. కంప్యూటరు తగిలించి లోపం కనిపెడతాడు, భాగం మార్చేస్తాడు. అదీ విద్యే. కానీ దొరకని భాగాన్ని చేత్తో పుట్టించే విద్య వేరు. క్యూబాలో 1950ల నాటి అమెరికన్ కార్లు ఇవాళ్టికీ టాక్సీలుగా తిరుగుతున్నాయంటే అలాంటి చేతులు అక్కడ మిగిలి ఉండటం వల్లే. మన షెడ్డులో ఉన్న శిష్యుడు ఒక్కడే. వాడు కూడా వచ్చే ఏడాది ఉంటాడో లేదోనని మేస్త్రీ అన్నారు.

పాలిటెక్నిక్‌కూ ఈ రేకుల షెడ్డుకూ మధ్య దూరం ఎంతో లేదు. ఏడాదికి పది రోజులైనా మన మూడు జిల్లాల పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలు ఇలాంటి మేస్త్రీల దగ్గర కూర్చోవాలి. మేస్త్రీలను పిలిచి, గౌరవంగా కుర్చీ వేసి, పారితోషికమిచ్చి పాఠం చెప్పించాలి. పుస్తకంలో లేని విషయం వాళ్ల వేళ్లలో ఉంది. తుక్కు విధానం పాత ఇనుముకు ధర కట్టగలదు. ఈ విద్యకు కట్టలేదు.

మూడో రోజు సాయంత్రం సారు బండిని నేరుగా ఇంటికి తీసుకుపోలేదు. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూలు వెళ్లారు. బయల్దేరినప్పుడు తోక గొట్టం చివర నుంచి నీటిచుక్కలు రాలాయి. గంట దాటాక పెళ్లింటి ముందు ఆగినప్పుడు మనవరాలు వంగి చూసింది. గొట్టం చివర పొడిగా ఉంది. ఆ పిల్ల వెనక సీటులో, అవ్వ కూర్చునే చోటే కూర్చుంది.

మీ ఇంట్లోనూ గుడ్డ కప్పిన పాత బండి ఉంటే, అయిదు నిమిషాలు తిప్పి ఆపేయకండి. ముందు కింద గొట్టం ఒకసారి చూపించుకోండి. ఆ తర్వాత చివర నీటిచుక్క ఆగేదాకా, కనీసం ఒక గంట నడపండి. పక్క సీటులో ఇంట్లోని పిల్లల్ని కూర్చోబెట్టుకోండి. వచ్చేదారిలో మేస్త్రీ షెడ్డు దగ్గర ఆపి, ఆయన చేతులు ఏం చేస్తున్నాయో వాళ్లకు చూపించండి.